అరంగుళం బిగుతు

రాత్రి పది దాటితే ఆ సందులోకి ఎవరూ పోరు.

పోరంటే పోరు. సీటు కవర్ల దుకాణం పక్కనుంచి వెనక్కి పోయే సందు అది. చివర గోడ, గోడకి ఆనుకుని ఓ రేకుల షెడ్డు. షెడ్డులో పాత వ్యాను ఒకటి, కుట్టు మిషను ఒకటి. అంతకుమించి పురుగు కూడా లేదు. తాళం వేసి రెండు నెలలు... అయినా రాత్రిపూట లోపల మిషను నడుస్తుంది.

గడగడగడ... ఆగుతుంది. మళ్ళీ గడగడ...

కాపలా తిరిగే వాచ్‌మన్ ఓ రాత్రి అది విని, చెప్పులు అక్కడే వదిలేసి పరుగో పరుగు. తెల్లారాక కూడా వాటికోసం రాలేదు. పక్కనే టైర్ల దుకాణం ఉంది. ఆ టైర్లాయన అయితే ఆడమనిషి ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా విన్నానంటాడు. ఆయన చెప్పేదాంట్లో సగం తీసెయ్యాలనుకోండి. మిగిలిన సగం చాలు ఒళ్ళు జలదరించడానికి.

ఇక ఆఖరి రాత్రి ఆ షెడ్డులోంచి ఓ మగగొంతు తిట్టిన తిట్టు మటుకు రోడ్డు మీదివాళ్ళంతా విన్నారు. అది ఎవరు తిట్టారో, ఎవర్ని తిట్టారో నాకు తర్వాత తెలిసింది. విన్నది విన్నట్టు చెబుతున్నా. భయపడేవాళ్ళు భయపడండి. నాకైతే మొత్తం విన్నాక భయం పోయి ఏడుపొచ్చింది.

ఆ షెడ్డు సీట్ల మేస్త్రీది. ఆయనంటే ఆ చుట్టుపక్కల తెలియని డ్రైవరు లేడు. కారైనా వ్యానైనా, సీట్లకి కవర్లు వేయించాలంటే ఆయన దగ్గరికే. కుట్టేది మాత్రం ఆయన కాదు, వాళ్ళావిడ. ఆవిణ్ణి అందరూ మిషనమ్మ అనేవాళ్ళు. కొలతలు, కత్తిరింపు, కుట్టు ఆవిడవి. పాత కవరు ఊడదీసి కొత్తది తొడిగి, కింద హుక్కులు బిగించడం ఆయనది. ముప్ఫై ఏళ్ళలో ఆయన మిషను ముందు కూర్చున్నదీ లేదు, ఆవిడ సీటు మీద చెయ్యి వేసిందీ లేదు.

తగువంతా అరంగుళం దగ్గరే వచ్చేది.

ఏ కవరైనా సరే, సీటు కొలత కన్నా అరంగుళం తక్కువ కుట్టేది మిషనమ్మ. కావాలనే. అలా కుడితే మడత పడదు, జారదు, ఎన్నేళ్ళయినా సీటుని అంటిపెట్టుకునే ఉంటుంది. బాగానే ఉంది. మరి తొడిగేవాడి గతేం కాను? లాగాలి, గుంజాలి, మోకాలితో తొక్కిపట్టి సీటు కింద ఇనుప చట్రంలోకి చెయ్యి దూర్చాలి. పట్టు జారిందా, వేళ్ళ కణుపులు పోయి ఆ ఇనుముకి కొట్టుకుంటాయి. తోలు లేచి నెత్తురొస్తుంది.

"ఒసేయ్! నీ బిగింపు తగలెయ్య!" అని అరిచేవాడు మేస్త్రీ.

ఆ అరుపు పూర్తయ్యేలోపే మిషను దగ్గర్నుంచి జవాబొచ్చేది. తల కూడా ఎత్తేది కాదావిడ.

"సీటు ఒళ్ళు చేసుంటుంది. నా కుట్టుని అనకు."

రోజుకి నాలుగుసార్లు అదే తిట్టు, అదే జవాబు. బండి తెచ్చినవాళ్ళు టీ తాగుతూ ఆ మాట ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళు. ఆవిడ అరంగుళం వదిలిందీ లేదు, ఈయన కుట్టు బాగుందని ఒప్పుకున్నదీ లేదు.

అందరి బళ్ళకీ కవర్లు వేసినవాళ్ళ సొంత వ్యాను ఎలా ఉండేదంటారా? సీట్లు చిరిగి, లోపలి స్పాంజి బయటికొచ్చి వేలాడేది. ఒకరోజు మిషనమ్మకి రోషం పొడుచుకొచ్చింది.

"ఇవాళ మన బండి. ఎవరొచ్చినా రేపు రమ్మను," అంది.

రంగు దగ్గరే మొదలైంది రగడ. ఆయన నల్ల రెగ్జిన్ అన్నాడు. మురికి కనిపించదు, తడిగుడ్డ పెట్టి తుడిస్తే సరి. ఆవిడ శాంపిళ్ళ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో ముక్కా ముంజేతి మీద వేసుకుని చూసింది.

"రెగ్జిన్ ఎండకి కాలుతుందయ్యా. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ వీపుల సంగతే చూశాం. మన వీపుల సంగతెప్పుడు?" అంటూ వంగపండు రంగు మెత్తటి గుడ్డ మీద వేలు పెట్టింది.

"వ్యానుకా, పెళ్ళికూతురికా?" అన్నాడాయన.

"నాకు," అంది.

ఆ మాటకి ఇంకేమంటాడు? వెళ్ళి ఆ గుడ్డే తెచ్చాడు.

ముందు వెనక బెంచీ సీటుకి కుట్టింది. అది తొడిగేసరికి ఆ రోజు మేస్త్రీకి రెండు చేతుల కణుపులూ చిట్లిపోయాయి. సొంత బండికి కూడా కనికరం లేదు! అసలే ఆకలి మీదున్నాడేమో, ఎప్పుడూ తిట్టే తిట్టుతో ఆగలేదు.

"ఇక నీ కవర్లు నేను తొడగను, ఫో! ముందు సీట్లకి ఎవణ్ణి పిలుచుకుంటావో పిలుచుకో!"

సామాన్ల సంచీ విసిరికొట్టి ఇంటికెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, మిషను దగ్గర్నుంచి జవాబు రాలేదు.

ఆవిడ ఇంకో గంట షెడ్డులోనే ఉండి, ముందు సీట్ల ముక్కలు గీసి, కత్తిరించి పెట్టుకుని వచ్చింది. అన్నం పెట్టింది. అలిగినవాడు కాబట్టి ఆయన మాట్లాడకుండా తిన్నాడు. ఆవిడా పలకరించలేదు. వెళ్ళి పడుకుంది.

తెల్లారి లేవలేదు.

గుండె ఆగిందన్నారు, నిద్రలోనే అన్నారు, బాధ తెలిసుండదన్నారు. మేస్త్రీకి ఒక్క మాటా చెవికెక్కలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆస్పత్రిలో నర్సు. మొగుడికి చెప్పి తండ్రి దగ్గరికొచ్చేసింది. మధ్యాహ్నం డ్యూటీకి పోతే రాత్రి పదింటికి దిగేది. ఇంటికొచ్చేసరికి పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. మేస్త్రీ గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. షెడ్డు తాళంచెవి మేకుకి తగిలించాడు, మళ్ళీ దానివంక చూడలేదు.

"తొడగనన్నాను తల్లీ. అది విని పోయింది," అనేవాడు.

"అలా అనకు నాన్నా. మీరు తిట్టుకోని రోజుందా?"

"తిట్టడం వేరు. తొడగననడం వేరు."

అంతే. మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. కూతురు రోజూ పదిమంది రోగుల్ని చూసేదే, కానీ ఈ జబ్బుకి ఏ మందివ్వాలో ఆ పిల్లకి తెలియలేదు.

ఇరవై రోజులయ్యాక ఓ పొద్దున్న టైర్లాయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే నుంచుని గొంతు తగ్గించాడు.

"అన్నా... ఏమీ అనుకోకు. రాత్రి మీ షెడ్డులో... మిషను నడిచింది."

మేస్త్రీ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఎవరు?"

"ఎవరంటే... పొద్దున్న నేనే వెళ్ళి చూశా. తాళం వేసినట్టే ఉంది. ఇంకెవరుంటారన్నా..."

"ఎన్ని గంటలకి?"

"పదిన్నరకి. కాసేపు విన్నా. ఇక నావల్ల కాక షట్టరు దించేసి పోయా."

మేస్త్రీ లేచి కూర్చున్నాడు. లోపలికి చూసి, "అమ్మాయ్... కాస్త కాఫీ పెడతావా?" అన్నాడు. ఇరవై రోజుల్లో ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువది.

చూశారా మరి... అందరూ అక్కడ దెయ్యం ఉందేమోనని వణికారు. ఆయనొక్కడే, లేదేమోనని వణికాడు.

ఆ పగలే వెళ్ళి షెడ్డు తెరిచాడు. నిజమే! సూది కింద వంగపండు గుడ్డ ఉంది. పక్క సీటుకి వీపు ఆనే ముక్క. దాని అంచున జానెడు కుట్టు... కొత్త కుట్టు. మేస్త్రీ ఆ గుడ్డని ముట్టుకోలేదు. సగంలో ఉన్న కుట్టుని కదిపితే ఆవిడకి ఎక్కడలేని మంటా వచ్చేది.

మిషనుకి నూనె వేశాడు. వంగపండు రంగు దారపు ఉండలు నాలుగు తెచ్చి పక్కన పెట్టాడు. మిణుకు మిణుకుమంటున్న బల్బు తీసేసి కొత్తది పెట్టాడు. రెండు రోజులకోసారి వెళ్ళి దూరంగా నిలబడి చూస్తే దారం తరిగి ఉండేది, కుట్టు పెరిగి ఉండేది. ఆయన ప్రాణం లేచొచ్చేది.

గడ్డం గీసుకున్నాడు. అన్నం తినసాగాడు. పొద్దున్నే టైర్ల దుకాణానికి వెళ్ళి, "రాత్రి నడిచిందా?" అని అడిగేవాడు, ఇంట్లో మనిషి క్షేమం అడిగినట్టు. టైర్లాయనకి దెయ్యం కన్నా ఈయన్ని చూస్తేనే ఎక్కువ భయం వేసేది. కూతురు మాత్రం ఖాళీ అయిన కంచం తీస్తూ ముఖం పక్కకి తిప్పుకునేది.

రాత్రిపూట వెళ్ళి చూడొచ్చుగా అంటారేమో. వెళ్ళలేదు. బతికున్నప్పుడే ఎవరన్నా నుంచుని చూస్తుంటే మిషను ఆపేసేదావిడ. ఇప్పుడు తను పోయి నుంచుంటే... ఇక రాదేమో! ఆ భయంతో నలభై రోజులు మంచం మీద కళ్ళు తెరుచుకుని గడిపాడు.

నలభయ్యో రోజు పొద్దున్న షెడ్డుకి వెళ్ళాడు. పక్క సీటు కవరు పూర్తయి, మడతపెట్టి ఉంది. డ్రైవరు సీటుది సూది కింద ఉంది. ఇంకొక్క అంచు. అంతే. ఆ రాత్రికి అయిపోతుంది.

అయిపోతే... మళ్ళీ ఎందుకొస్తుంది?

ఆవిడకి చెప్పాల్సింది ఒక్కటే మాట ఉంది. తొడుగుతాను. ఆ ఒక్క మాట చెప్పకపోతే తను ఎన్నాళ్ళు బతికినా బతుకు కాదు.

రాత్రి పదిన్నర దాటాక బయల్దేరాడు. మేకుకి తాళంచెవి లేదు. తనే ఎక్కడో పెట్టుంటాననుకున్నాడు. చేతిలో టార్చి, చంకలో సామాన్ల సంచీ.

సందు మొదట్లో ఆగాడు. చీకటి. వాచ్‌మన్ చెప్పులు ఇంకా అక్కడే పడి ఉన్నాయి.

గడగడగడ...

వినిపిస్తోంది. రేకుల సందుల్లోంచి వెలుతురు సన్నగా నేల మీద పడుతోంది. ఒక అడుగు... ఇంకో అడుగు... కాలికి ఏదో డబ్బా తగిలి దొర్లింది.

మోత ఆగింది.

లైటు ఆరిపోయింది.

"ఏమే..." అన్నాడు మేస్త్రీ. "నేనేనే..."

దగ్గరికెళ్ళాడు. తాళం తీసి, కొక్కేనికి వేలాడుతోంది. దెయ్యానికి తాళంచెవి ఎందుకని ఆయన ఆలోచించలేదు. ఆలోచించదలుచుకోలేదు. తలుపు తోశాడు.

చీకటి... మిషను నూనె వాసన... కొత్త గుడ్డ వాసన. ఆవిడ పనిచేసే చోట ఎప్పుడూ ఉండే వాసనే. టార్చి నేలకేసి పట్టుకుని, తడుముకుంటూ మిషను దగ్గరికెళ్ళాడు. స్టూలు మీద చెయ్యి వేశాడు.

వెచ్చగా ఉంది.

ఆయనకి భయం వెయ్యలేదు. సంతోషమేసింది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి భయమెందుకు?

"వెళ్ళిపోకు," అన్నాడు చీకట్లోకి. "నీ వంక చూడను, సరేనా? ఇటే తిరిగుంటా. తొడుగుతా... నేనే తొడుగుతా. అది చెబుదామనే వచ్చా."

సూది కిందనుంచి కవరు తీసుకున్నాడు. ఆఖరి అంచు కూడా కుట్టడం అయిపోయింది. దారం తెంపి, వ్యాను తలుపు తీశాడు. టార్చి స్టీరింగు పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఎంత బిగిసినా, చేతులు ఊడిపోయినా ఇవాళ కిక్కురుమనకూడదు. ఒట్టు పెట్టుకున్నాడు.

కవరు సీటు తలమీంచి వేసి, మోకాలు ఆనించి, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి కిందికి లాగాడు—

ఎక్కేసింది.

ఒక్క లాగుడికే. ఆ ఊపుకి వెనక్కి పడబోయి తలుపు పట్టుకున్నాడు. చట్రం కిందికి చెయ్యి పెడితే హుక్కు దానంతట అదే పడింది. కణుపులకి ఏమీ తగల్లేదు.

మేస్త్రీ రెండు వేళ్ళు పెట్టి కవరు పక్కన పట్టి చూశాడు. గుడ్డ వేళ్ళలోకి వచ్చింది. మడత. మిషనమ్మ కుట్టిన కవరులో మడత!

"నువ్వు కాదు..." అన్నాడు.

టార్చి వెలుతురు కూడా కనిపించడం మానేసింది ఆయనకి. "నువ్వు కాదు. రాలేదు. నువ్వు అసలు రానేలేదు కదే..." అంటూ ఆ సీటు మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ పోయిన రోజు కూడా ఆయన అంత ఏడవలేదు. ఆ రోజు పోయింది మనిషి. ఇవాళ ఆశ కూడా పోయింది.

అప్పుడు... వెనకనుంచి... వ్యాను లోపల్నుంచే... ఎవరో ఊపిరి పీల్చారు.

మేస్త్రీ తల ఎత్తాడు. వెనక బెంచీ మీద, చీకట్లో, ముడుచుకుని ఓ ఆకారం.

"నాన్నా..." అంది.

కూతురు! నర్సు బట్టలు కూడా మార్చుకోలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని వెక్కుతోంది.

"ఓ రాత్రి డ్యూటీ దిగాక ఇక్కడికొచ్చా నాన్నా. అమ్మ కూర్చునే చోట కూర్చుని ఏడుద్దామని. ఊరికే ఓ ముక్క సూది కింద పెట్టి తొక్కా, అంతే. పొద్దున్నే టైర్ల బాబాయ్ వచ్చాడు. చెబుదామనే అనుకున్నా. ఈలోగా నువ్వు కాఫీ అడిగావు..." ఆ పిల్ల ముఖం తుడుచుకుంది. "ఇరవై రోజుల తర్వాత అడిగావు నాన్నా. ఇంకెలా చెప్పను?"

"నీకు కుట్టడం ఎప్పుడొచ్చింది? అమ్మ మిషను ముట్టుకోనిచ్చేది కాదుగా."

"చిన్నప్పుడు మిషను పక్కనే కూర్చుని దారాలు ఏరేదాన్ని కదా. చూసి చూసి వచ్చింది."

మేస్త్రీకి కోపం రాలేదు. ఎందుకొస్తుంది? కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. సీటు మీది కవరు చూపించి అడిగాడు.

"ఇంత వదులుగా ఎందుకు కుట్టావు తల్లీ?"

"అమ్మ గీసిన గీత మీదే కుడితే నీ చేతులు..." అంది. "చిన్నప్పుడు రాత్రిళ్ళు నీ కణుపులకి మందు రాసింది నేనేగా. అందుకే గీత మీద కాకుండా, సీటు కొలతకి సరిపోయేట్టు బయటగా కుట్టా."

"గీతా?"

మేస్త్రీ చటుక్కున లేచాడు. కవరు ఊడలాగి, లోపలివైపు బయటికి తిప్పి, టార్చి దగ్గరగా పెట్టాడు. కూతురి కుట్టు వంకరటింకరగా పోతోంది. దానికి లోపలగా తెల్లటి సుద్ద గీత... చెయ్యి వణక్కుండా, ఒక్క తీరుగా గీసిన గీత. మిషనమ్మ గీత.

దానికీ కుట్టుకీ మధ్య దూరం మరీ ఎక్కువనిపించింది ఆయనకి. మిషను మీది టేపు అందుకుని కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

అరంగుళం కాదు. అంగుళం!

ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ అంత బిగుతు గియ్యలేదావిడ. ఇది ఎప్పుడు గీసింది? తను తొడగనని సంచీ విసిరికొట్టి వెళ్ళాక. ఆ గంటలో. అరవై రోజులుగా ఆ గంటని తలుచుకునే కదా తను చచ్చాడు, ఒంటరిగా కూర్చుని ఏడ్చి ఉంటుందని. ఏడుపా? ఆవిడా? తొడగనన్న మొగుడికి ఇంకో అరంగుళం బిగించి, పెదాలు బిగబట్టి నవ్వుకుంటూ గీసింది. తొడుగుతాడని తెలిసే గీసింది. తెల్లారి మొగుడు ఎలా అరుస్తాడో, దానికి ఏం జవాబు చెప్పాలో, అన్నీ అనుకునే పడుకుంది.

తెల్లారనే లేదు ఆవిడకి.

"అంగుళమే! చూడవే... మీ అమ్మ... అంగుళం బిగించిందే!" నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియదు. కవరు కూతురి చేతిలో పెట్టాడు. "కుట్టు తల్లీ. ఆ గీత మీదే కుట్టు."

"నీ చేతులు నాన్నా—"

"చేతులు నావి. నువ్వు కుట్టు."

లైటు వేశారు. తలుపు బార్లా తెరిచే ఉంది. మిషను గడగడమని నడిచింది. పక్కన టైర్లాయన షట్టరు ధనామని కిందికి దిగింది. కూతురు పాత కుట్టు విప్పింది, సుద్ద గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టింది. కళ్ళనీళ్ళు పడినచోట గీత చెరిగిపోతుంటే తుడుచుకుని మరీ కుట్టింది.

మేస్త్రీ తొడగడం మొదలుపెట్టాడు. ఎక్కదే! మోకాలు ఆనించాడు. గుంజాడు. వంగి, ఒళ్ళంతా మెలితిప్పి చట్రం కిందికి చెయ్యి దూర్చాడు. హుక్కు అందింది... అందినట్టే అంది జారింది. నాలుగు కణుపులూ వెళ్ళి ఇనుముకి ఫట్‌మని కొట్టుకున్నాయి.

"ఒసేయ్! నీ బిగింపు తగలెయ్య!"

ఆ అరుపే రోడ్డంతా విన్నది.

అరిచి... ఆగాడు. చెయ్యి చట్రంలో ఉండగానే తల మిషను వైపు తిప్పి, అలాగే ఉండిపోయాడు. ఈపాటికి రావాలి. అరుపు పూర్తయ్యేలోపే వచ్చేది. మిషను ముందు కూర్చున్న కూతురికీ తెలుసు ఆ మాట. పుట్టినప్పట్నుంచీ విన్న మాటే. నోరు తెరిచింది. మళ్ళీ మూసేసుకుంది. అమ్మ మాట అమ్మే అనాలి, ఇంకెవరు అంటారు?

ఎవరూ అనలేదు.

మేస్త్రీ మెల్లగా రెండో చెయ్యి కూడా దూర్చి, హుక్కు బిగించాడు. నెత్తురు చొక్కాకి తుడుచుకున్నాడు. సీటు మీద అరచేత్తో ఒకసారి రాశాడు. వంగపండు రంగు గుడ్డ, ఒక్క మడత లేదు.

"సీటే ఒళ్ళు చేసుంటుందిలే," అన్నాడు. "నీ కుట్టుని ఇంకెప్పుడూ అనను."